నూటికి నెలకు ఎంత?

హిందూపురంలో మా కాలేజీకి దగ్గరలో ఒక జిరాక్స్ అంగడి ఉంది. వేసవి వచ్చిందంటే ఆ అన్నకు తీరిక ఉండదు. డిగ్రీ పిల్లలు వరసకట్టి నిలబడతారు. “బ్యాంకా, ఇన్సూరెన్సా, చిట్‌ఫండా?” అని అడుగుతాడు. మనం ఏది చెబితే ఆ ఫైలు తెరుస్తాడు. పోయినేడు రాసినవాళ్ల పేరు, హాల్‌టికెట్ నంబరు తీసేసి మన పేరు, మన నంబరు కొడతాడు. స్పైరల్ బైండింగ్ వేసి చేతికిస్తాడు. అందులో కంపెనీ చరిత్ర ఉంటుంది, లక్ష్యాలు ఉంటాయి, చివర్లో “ఈ ఇంటర్న్‌షిప్ వల్ల నా ఆత్మవిశ్వాసం పెరిగింది” అన్న వాక్యం కూడా ఉంటుంది. పోయినేడు ఒక అమ్మాయికి పెరిగిన ఆత్మవిశ్వాసమే ఈ ఏడు ఒక అబ్బాయికీ పెరుగుతుంది.

నేను ఆ ఫైలు కొనలేదని గొప్ప చెప్పుకోవడం లేదు. కవరు పేజీ, కృతజ్ఞతల పేజీ అక్కడివే. మధ్యలో ఉన్న ముప్పై పేజీలు మాత్రం నావి. వాటిలోంచి ఒక పేజీ తీసెయ్యమన్నారు, తీసేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ పేజీ గురించే.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరినవాళ్ల నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు ఏదైనా సంస్థలో పని, ఆ పైన ఒక సెమిస్టరంతా. ఆలోచన మంచిదే. చిక్కంతా చోటు దొరకడంలో ఉంది. బెంగళూరు మాకు నూరు కిలోమీటర్ల దూరమే. కానీ అక్కడ గది అద్దె కట్టుకుని జీతం లేని పని చేసే స్తోమత మాలో ఎందరికుంది? 2024లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు ఇస్తారని పేపర్లో చదివి సంబరపడ్డాం. రెగ్యులర్‌గా కాలేజీకి పోయేవాళ్లకు అది లేదని తర్వాత తెలిసింది. మా క్లాసులో చాలామంది ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. 2025 వేసవిలో మా సార్ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని రెండు బ్యాంకులకు పోతే హెడ్డాఫీసు అనుమతి కావాలన్నారు. చివరికి ఆడవాళ్ల గ్రూపులకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీ సరేనంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నేను రాసేది ఆ ఒక్క కంపెనీ సంగతి కాదు. మొదటి రెండు వారాలు హిందూపురంలో, మిగతా ఆరు వారాలు పెనుకొండ బ్రాంచిలో. పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగేదాన్ని. ఆధార్ కాపీల మీద తేదీలు వేయడం, ఫారాలు వరస పెట్టడం, ఎక్సెల్‌లో బాకీల పట్టికలు సరిచూడటం నా పని. జీతం లేదు. మధ్యాహ్నం టీ మాత్రం కంపెనీదే.

హిందూపురంలో ఉన్నప్పుడు ఒకరోజు ఫీల్డ్ ఆఫీసరు అన్న నన్ను మార్కెట్ యార్డు వైపు తీసుకుపోయాడు. చింతపండు సీజను చివరి రోజులు. కరిపులి రకం రాశులు ఒకపక్క, ఫ్లవర్ రకం రాశులు ఒకపక్క. గాలిలోనే పులుపు. యార్డు బయట టీ అంగడి పెట్టుకున్న ఒక అక్క మా దగ్గర అప్పుకు ఫారం నింపింది. వేరే బాకీలు ఏమన్నా ఉన్నాయా అని అడిగితే, డైలీ ఫైనాన్సు ఉందంది. పదివేలు అప్పని రాసుకుంటారు, వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. “వెయ్యే కదా పాపా, అదేం పెద్ద వడ్డీ? పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి తెచ్చిస్తాడు” అంది.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని లెక్క వేశాను. ఎక్సెల్‌లో రేట్ అని ఒక ఫంక్షన్ ఉంది. చేతికొచ్చింది ఎంత, ఎన్ని కంతులు, కంతు ఎంత అని మూడు అంకెలు ఇస్తే అసలు వడ్డీ చెబుతుంది. బీకాంలో అది మాకు అయిదు మార్కుల ప్రశ్న. తొమ్మిది వేలు, వంద, వంద అని కొట్టాను. వచ్చిన రోజు రేటును ఏడాదికి మారిస్తే 77 శాతం పైన తేలింది. తప్పు కొట్టానేమో అని మళ్లీ కొట్టాను. అదే వచ్చింది. దాన్ని పన్నెండుతో భాగిస్తే నూటికి నెలకు దాదాపు ఆరున్నర రూపాయల వడ్డీ. మరునాడు ఆ అక్కకు 77 శాతం అని చెబితే తలూపి గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయింది. “అంటే ఆరున్నర రూపాయల వడ్డీ అక్కా” అన్నాను. గ్లాసు కింద పెట్టి నా మొహం చూసింది. “ఆరున్నరనా? మా ఊళ్లో ఆ వడ్డీకి ఇచ్చినోన్ని మనిషని కూడా అనరు!”

శాతం అనే మాట ఆమెకు తెలియక కాదు. కొడుకు పదో తరగతి మార్కులు శాతంలోనే చెప్పింది. కానీ అప్పును తూచేటప్పుడు మా సీమలో శాతాన్ని ఎవరూ తక్కెట్లో వెయ్యరు. అర్ధరూపాయి వడ్డీ, రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ. రెండంటే బజారు వడ్డీ. మూడు దాటితే అవసరం మెడ మీద కూర్చుందని అర్థం. ఈ కొలతల్లో లెక్క ఒక్కటే కాదు, ఊరి తీర్పు కూడా కలిసి ఉంది. 24 శాతం అన్నప్పుడు ఆ తీర్పు చెవికి వినబడదు.

ఇప్పుడు పెనుకొండకు వస్తాను. 2024 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ అప్పులకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అని ఒక కాగితం ఇవ్వాలి. బ్రాంచిలో దాన్ని కేఎఫ్ఎస్ అంటారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, బీమాకు ఎంత కోస్తున్నారు, అన్నీ కలిపితే ఏడాదికి అసలు రేటు ఎంత పడుతుంది అన్నది అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి, అర్థమైందని రాయించుకోవాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుండాలి. చిన్న గ్రూపు అప్పులకైతే ఇలాంటి కాగితం 2022 నుంచే ఉంది. చదివినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. ఎవరో మా అమ్మను మనసులో పెట్టుకుని రాసినట్టుంది.

గ్రూపు ఆడవాళ్లు కలిసే మా సెంటర్లో ఆ కాగితానికీ సంతకానికీ మధ్య మూడు నిమిషాలు పట్టేది. తెలుగులోనే ఉంది, కాదనను. ‘వార్షిక శాతం రేటు’ అని అచ్చువేసి పక్కన అంకె ఉంది. ఒక ఇంటి వరండాలో పన్నెండు మంది ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. సగం మంది పనికి పోవాలన్న తొందరలో ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దామె కాగితం తిప్పి చూసి అడిగింది: “ఇదంతా ఎందుకు పాపా, నూటికి ఎంత పడతాదో అది చెప్పు.” ఆఫీసరు అన్న వెంటనే అందుకున్నాడు: “రూపాయి పన్నెండు పైసలు అవ్వా.” అందరూ సంతకాలు పెట్టేశారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఇందులో మెలిక. అప్పు 50,000. రెండేళ్లు, నెలకు 2,644 కంతు. మొత్తం కట్టేది 63,456. అంటే వడ్డీ 13,456. దాన్ని ఇరవై నాలుగు నెలలకు, అయిదు వందల నూర్లకు పంచితే నూటికి నెలకు రూపాయి పన్నెండు పైసలే వస్తుంది. కానీ ఆ లెక్క, ఫ్లాట్ లెక్క అంటారు దాన్ని, 50,000 రెండేళ్లూ ఆమె చేతిలోనే ఉన్నట్టు వేసింది. నిజానికి మొదటి నెల నుంచే అసలు కరిగిపోతూ ఉంటుంది. కరిగిన దానికి వడ్డీ ఉండకూడదు కదా. ఆ ప్రకారం చూస్తే ఇది సరిగ్గా రెండు రూపాయల వడ్డీ. ఫీజు 590, బీమా వెయ్యి పోను చేతికొచ్చింది 48,410. ఆ అంకెతో లెక్క వేస్తే ఏడాదికి 27 శాతం దాటింది, అంటే రెండు రూపాయల ఇరవై తొమ్మిది పైసలు. కాగితంలో 27 చిల్లర అని నిజమే అచ్చయింది. నోటితో చెప్పింది రూపాయి పన్నెండు పైసలు. కాగితం ఆమెకు అర్థం కాని లెక్కలో నిజం చెప్పింది, నోరు ఆమెకు అర్థమయ్యే లెక్కలో సగం చెప్పింది.

ఇది గ్రూపు అప్పుల జబ్బు మాత్రమే కాదు. మా పెద్దనాయన కొడుకు ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి సామాన్లు పంపే ఒక కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. షోరూములో “రూపాయి వడ్డీనే బ్రదర్” అన్నారని 80,000 అప్పుతో బండి తీసుకున్నాడు. మూడేళ్లు, నెలకు 3,022. లెక్క వేస్తే రూపాయి డెబ్బై ఏడు పైసలు వచ్చింది. చెబితే వాడికి కోపం వచ్చింది, నా మీద.

జూన్ 6న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును అర శాతం తగ్గించి 5.5 చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి అది మూడో తగ్గింపు. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చింది. బ్రాంచిలో ఉత్సాహంగా అడిగాను, మనమూ తగ్గిస్తామా అని. “మనవి ఫిక్సెడ్ రేటు పాపా, ఆ వార్త ఇండ్ల లోన్లవాళ్లకు” అని మేనేజరు సార్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ రోజు సంతకమైన అప్పులకూ అదే రేటు.

ఇంటికొచ్చి అమ్మతో ఈ లెక్కలన్నీ చెప్పేదాన్ని. ఆమె విన్నంత సేపు విని ఒకరోజు అడ్డం తగిలింది. “బయట రెండు రూపాయలకు యాభైవేలు తెస్తే రెండేండ్లకు ఇరవై నాలుగు వేలు వడ్డీ కట్టాల. మీ కంపెనీకి పదమూడు వేలే. రెండూ ఒకటేనని ఎట్ల చెప్తాండావు?” నాకు కాసేపు మాట రాలేదు. బయట తెస్తే యాభైవేలూ రెండేళ్లు మన దగ్గరే ఉంటాయి, అసలు చివర్లో కట్టాలి. కంపెనీ అప్పులో డబ్బు నెలనెలా వెళ్లిపోతుంది, సగటున సగమే మన దగ్గర ఉన్నట్టు. అది చెప్పాను. అమ్మ నాకంటే ముందుకు పోయింది. “అట్లయితే కూలికి పోయేవాళ్లకు కంతు మేలు. మనకు కాదు. పట్టు, జరీ కొని పడుగు ఎక్కించి చీరలు కోసి, అవి అమ్ముడుపోయి డబ్బు వచ్చేతలికి మూడు నెలలు. వీళ్ల కంతు వచ్చే నెలకే వచ్చి నిలబడతాది. అది కట్టేకి ఇంకో అప్పు చెయ్యాల.” మా కాలేజీలో వర్కింగ్ క్యాపిటల్ సైకిల్ అని ఒక పాఠం ఉంది. అది చెప్పడానికి సార్‌కు రెండు క్లాసులు పట్టింది.

అమ్మకు ఆ యాభైవేల మీద ఎందుకంత ఆసక్తి అంటే, సొంతంగా పట్టు కొనుక్కుని నేయాలని ఆమెకు చాలా ఏళ్లుగా ఉంది. చేనేతవాళ్లకు ముద్ర అప్పు 6 శాతానికే ఇప్పించే కేంద్ర పథకం ఒకటి ఉందని నేను చెప్పాను. ముద్ర లోను అనే మాట ఆమె విన్నదే. అందరికీ ఇచ్చే బ్యాంకు లోనే కదా, అదే వడ్డీ ఉంటుందనుకుంది. “6 శాతం అంటే అర్ధరూపాయి వడ్డీమా” అన్నాను. కండె చుట్టే చెయ్యి ఆగింది. “అర్ధరూపాయికి ఎవరిస్తారు?” ఆ పథకానికి ‘అర్ధరూపాయి వడ్డీ’ అని పేరు పెట్టి ఉంటే మా వీధిలో ఎప్పుడో తెలిసేది. దరఖాస్తు పెట్టాం. జవాబు రావాలి.

పేరు పెట్టడం చేతకాక కాదు. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల అప్పులకు 3 శాతం పైన పడే వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. దానికి పెట్టిన పేరు పావలా వడ్డీ. ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. నేనప్పటికి పుట్టలేదు, అయినా మా అమ్మ నోటి నుంచి ఆ మాట విని వడ్డీ అంటే ఏమిటో నేర్చుకున్నాను. ఒక ప్రభుత్వం ఒకసారి జనం కొలతలో మాట్లాడితే ఇరవై ఏళ్లయినా ఆ అంకె గుర్తుంది. ఇప్పుడిస్తున్న అప్పుల మీద శాతం ఎంతో మా సెంటర్లో నేను అడిగినవాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఇంకో చిత్రం ఉంది. ఊళ్లో వడ్డీవ్యాపారి రాయించుకునే ప్రోనోటు చూడండి. రెవెన్యూ స్టాంపు అంటించి, ‘నెల ఒకటికి నూటికి రూ. 2-00 చొప్పున వడ్డీతో’ అని రాసి ఉంటుంది. అందులో దాపరికం లేదు. ఆయన దయగలవాడని కాదు. కోర్టులో నిలబడాలంటే ఆ మాట స్పష్టంగా ఉండాలి. ఆయన కాగితం ఎంత కఠినమైనా మా అవ్వ కూడా చదివించుకుని అర్థం చేసుకోగలదు. నియంత్రణలో ఉన్న సంస్థ కాగితం వివరంగా ఉంటుంది, న్యాయంగా ఉంటుంది, ఆమెకు అర్థం కాదు.

కాబట్టి నేను అడిగేది ఒక్క గీత. రిజర్వ్ బ్యాంకు కేఎఫ్ఎస్‌లో వార్షిక శాతం రేటు కిందే ఇంకో వరుస పెట్టాలి. ‘నూటికి నెలకు: ... రూపాయలు ... పైసలు’ అని. అది ఫ్లాట్ లెక్కలో కాదు, ఫీజులూ బీమా కలిసిన ఆ వార్షిక రేటునే పన్నెండుతో భాగించి వేయాలి. సాఫ్ట్‌వేర్‌కు అది క్షణం పని. అప్పుడు ఆఫీసరు నోరు కూడా ఆ అంకెకే కట్టుబడాలి, ఎందుకంటే అవ్వ చేతిలో ఉన్న కాగితంలో అదే ఉంటుంది.

పెనుకొండలో చివరి మూడు వారాలు నేను ఆ వరుసను పెన్సిలుతో రాసిచ్చాను. మేనేజరు సార్ చూసీ చూడనట్టు ఉన్నాడు. ఒకసారి మాత్రం అన్నాడు: “వడ్డీ అడిగేవాళ్లకు అప్పు అక్కర్లేదు పాపా, అప్పు కావాల్సినోళ్లు వడ్డీ అడగరు.” ఆయన మాటలో నిజం లేకపోలేదు. నేను రాసిచ్చిన నలభై మందికి పైగా ఆడవాళ్లలో దాదాపు అందరూ సంతకం పెట్టారు. కూతురి కాలేజీ ఫీజుకు రేపే డబ్బు కట్టాల్సినామె రెండు రూపాయల ఇరవై తొమ్మిది పైసలు చూసి ఏం చేస్తుంది? ఒకామె మాత్రం “ఆ వెయ్యి ఎందుకు కోస్తాండారు?” అని బీమా సంగతి అడిగింది. ఇంకొకామె యాభై వద్దు, ముప్పై చాలంది. ఇద్దరు. నలభైలో ఇద్దరు తక్కువే అంటారా, నేను వాదించను. ఆ ముప్పై చాలన్నామె మిగిలిన ఇరవై వేలకు కట్టాల్సిన కంతు ఇప్పుడు కట్టడం లేదు, నాకు అది చాలు.

డిగ్రీ పిల్లలకు చోటు దొరకడం లేదనే వాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట. అప్పు ఇచ్చేటప్పుడు ఈ కాగితం చదివి చెప్పాలని రూలు ఉంది, చెప్పే మనిషి లేడు. మేము ఉన్నాం. వేసవికి రెండు నెలలు. ఆధార్ కాపీల మీద తేదీలు ఎవరైనా వేస్తారు.

రిపోర్టులో డైలీ ఫైనాన్సు, గ్రూపు అప్పు, బండి అప్పు, ముద్ర, నాలుగింటినీ రూపాయి వడ్డీ లెక్కలో పెట్టి ఒక పట్టిక వేశాను. కంపెనీవాళ్లు చూస్తే వచ్చే ఏడు మన పిల్లలను తీసుకోరని చెప్పి కాలేజీలో దాన్ని తీసెయ్యమన్నారు. తీసేశాను, మార్కులు బాగానే వచ్చాయి.

ఆ పట్టికలో అయిదో వరుస ఒకటి ఉండాల్సింది. ఒకాదివారం మధ్యాహ్నం నాయనకు కేఎఫ్ఎస్ రాస్తానని ఆటకు ఖాళీ ఫారం తీసుకుని మగ్గం గుంట పక్కన కూర్చున్నాను. షావుకారు దగ్గర నాయనకు 60,000 ముందప్పు ఉంది. అప్పు దగ్గర 60,000 అని రాశాను. వడ్డీ ఎంత నాయనా అంటే, “వడ్డీ లేదు. ఆయన మంచోడు” అన్నాడు. బాకీ ఉన్నన్నాళ్లూ షావుకారు ఇచ్చిన పట్టే నేయాలి, ఆయన చెప్పిన కూలే తీసుకోవాలి. బాకీ లేని నేతగాడు అదే చీరకు ఇంకో మూడు వందలు ఎక్కువ అడుక్కోగలడు. నెలకు నాలుగు చీరలు. నాలుగు మూళ్లు పన్నెండు వందలు. అరవై వేల మీద నెలకు పన్నెండు వందలు. దీనికి ఎక్సెల్ అక్కర్లేదు. “రెండు రూపాయల వడ్డీ నాయనా” అన్నాను. నాడె ఆగలేదు. “అట్లనా” అన్నాడు.

ఫారంలో తర్వాతి గడి కాలవ్యవధి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ఆ బాకీ ఉంది. “ఎన్ని నెలలని రాయాల?”

“అది రాయద్దులే” అన్నాడు నాయన. “నీ పెండ్లికి మళ్లా తీసుకోవాల కదా.”